డీజిలు మూతకు బొట్టు

ముత్తయ్యకు దయ్యాల మీద నమ్మకం లేదు. సూరారంలో వాళ్ల గల్లీలో ఎవరైనా చింతచెట్టు కింద తెల్లచీర కనబడిందని చెబితే, "ఎవలో ఆరేసుకొని మరిచిపోయుంటరు తియ్" అని నవ్వేసి పోయే మనిషి. ఆయనకు తెలిసిన దయ్యం ఒకే ఒక్కటి. దానితో పాత పరిచయం. పేరు సాయిలు. బతికున్న రోజుల్లో ముత్తయ్యకు పని నేర్పిన ఉస్తాదు.

ఈ సంగతి ముత్తయ్య బయట చెప్పుకోలేదు. డోజరు నడిపే మనిషికి దయ్యం పట్టిందంటే నవ్వుతారు. డోజరుకే పట్టిందంటే ఇంకా నవ్వుతారు.

రెండువేల ఆరు, దసరా వెళ్లి నెల కావస్తోంది. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారి పక్కన, రాళ్లగుట్టల నడుమ ఒక వెంచర్ వేస్తున్నారు. మొన్నటిదాకా జొన్న పండిన నేలకు ఇప్పుడు ప్లాటు నంబర్లు పండుతున్నాయి. ఆ నేలను చదును చేసే డోజరు మీద ముత్తయ్య ఆపరేటరు. ముప్పై ఆరేళ్లు. బక్కపలచని ఒళ్లు, దాని మీద ఇద్దరికి సరిపడే మీసం. పొద్దున ఆరున్నరకల్లా మోపెడు మీద దిగేవాడు. మిగిలినవాళ్లు టీ డబ్బా దగ్గర ఒళ్లు విరుచుకుంటూ ఉండగానే ఆయన బండి తనిఖీ మొదలయ్యేది.

ఆ తనిఖీ చూడ్డానికి కొందరు టీ గ్లాసులు పట్టుకొని దగ్గరికి వచ్చేవాళ్లు.

ముందు బండి చుట్టూ ఒక తిరుగుడు. కింద మన్నులో నూనె మరక గాని, తడి గాని ఉందేమోనని వంగి చూస్తాడు. తర్వాత రేడియేటరు. ఇంజను చల్లారి పది గంటలై ఉంటుంది. అయినా మూత మీద అరచేయి ఆనించి, చటుక్కున తీసి, మళ్లీ ఆనిస్తాడు. నిద్రపోయే పామును ముట్టుకున్నట్టే ఉంటుంది ఆ వాలకం. ఆ తర్వాత మూత తిప్పి, లోపల నీళ్లు మెడదాకా ఉన్నాయో లేదో చూపుడువేలు ముంచి చూసి, బిగిస్తాడు. పది అడుగులు నడుస్తాడు. ఆగుతాడు. వెనక్కి వచ్చి మళ్లీ తీస్తాడు. మళ్లీ వేలు. మొత్తం మూడుసార్లు.

"ముత్తన్న బండికి జొరం జూస్తాండు" అని ఎవరో అనేవాళ్లు.

"జూడనియ్యిరా. మనకు జొరమొస్తే గీన జూస్తడా ఏంది" అని ఇంకొకరు.

ముత్తయ్య పట్టించుకునేవాడు కాదు. రబ్బరు గొట్టాలు ఆవు పొదుగును నొక్కినట్టు నొక్కి పగుళ్లు వెతికేవాడు. ఫ్యాను బెల్టు వదులైందా అని బొటనవేలితో అదిమేవాడు. డీజిలు ట్యాంకులో పుల్ల ముంచి కొలిచేవాడు. ఫిల్టరు అడుగున ఉన్న చిన్న మర వదులు చేసి, గాజు గ్లాసులోకి కాసింత డీజిలు పట్టి, ఎండకెత్తి, అడుగున నీటి బొట్టు దిగిందా అని ఒక కన్ను మూసి చూసేవాడు. ఆ చివరి పని చూసి, కల్లు కాంపౌండులో ముత్తయ్యను ఎన్నడూ చూడని కొత్త కూలీలు కూడా ఆయనకు అలవాటుందని ఖాయం చేసుకున్నారు.

అంతా అయ్యాక జేబులోంచి పొట్లం తీసి, పసుపు తడిపి, డీజిలు ట్యాంకు మూతకు దట్టంగా పట్టించి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకొని ఎక్కేవాడు.

ఏడింటికి ఇంజను మొదలయ్యేది. ఎనిమిదింటికి, మేడ్చల్ వైపు నుంచి ఫ్యాక్టరీ సైరను వినబడే వేళకు, గుక్క పట్టినట్టు రెండుసార్లు మూలిగి ఆగిపోయేది.

రోజూ.

ఒకరోజు అయిదు నిమిషాలు ముందు, ఒకరోజు పది నిమిషాలు వెనక. ముత్తయ్య ఆ తేడాలను లెక్కలోకి తీసుకోలేదు. దయ్యానికి చేతి గడియారం ఎవరు కొనిస్తారు?

*

ఎనిమిదింటి సైరనుకు ఒక కథ ఉంది. అది ముత్తయ్యకొక్కడికే తెలుసు.

తొంభై అయిదులో, అక్కడికి రెండు కోసుల దూరంలోనే, మేడ్చల్ దగ్గర ఒక మిల్లు కోసం నేల చదును చేస్తున్నారు. సాయిలు ఆపరేటరు, పాతికేళ్ల ముత్తయ్య ఆయన కింద హెల్పరు. సాయిలుకు ఒక పద్ధతి. సీట్లో కూర్చున్నాక, తాళం తిప్పకముందు, పైనుంచి గట్టిగా అడిగేవాడు. కింద నుంచి ముత్తయ్య జవాబు చెప్పాలి.

"నీళ్లు?"

"జూసిన ఉస్తాద్, నిండుగున్నయ్."

"డీజిలు?"

"జూసిన ఉస్తాద్."

జవాబులన్నీ వచ్చాకే తాళం తిరిగేది. "నా కండ్లు కిందున్నయ్‌రా, నీ మొకంల" అనేవాడు సాయిలు.

ఆ ఫిబ్రవరిలో ఒక రోజు ముత్తయ్య తెల్లటి కొత్త చొక్కాతో పనికి వచ్చాడు. పదకొండింటికి పిల్ల తరఫువాళ్లు అటుగా వచ్చి అబ్బాయిని చూసి పోతామన్నారు. రేడియేటరు మూత తీస్తే తుప్పునీళ్లు ఎర్రగా చిందుతాయి. తెల్ల చొక్కా మీద పడ్డ తుప్పు మరక ఏ సబ్బుకూ లొంగదు. నిన్న చూసినప్పుడు నిండుగానే ఉన్నాయి కదా, ఒక్కరోజులో ఎక్కడికి పోతాయి?

"నీళ్లు?" అని అడిగాడు సాయిలు.

"జూసిన ఉస్తాద్, నిండుగున్నయ్" అన్నాడు ముత్తయ్య, బండికి పది అడుగుల దూరం నుంచి, కాలరు సర్దుకుంటూ.

గంట నడిచేసరికి వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. సాయిలు ఇంజను ఆపి దిగాడు. "నీళ్లు నిండుగున్నయ్ గద, ముల్లే దొంగదై ఉంటది" అని తనలో తాను అనుకున్నట్టే అన్నాడు. గోనెగుడ్డ చుట్టి మూత సగం తిప్పాడు. అప్పుడే సైరను మోగుతోంది. ఆవిరి చప్పుడుకూ సైరనుకూ తేడా మొదట ఎవరికీ తెలియలేదు.

అందరూ పరిగెత్తారు. ముత్తయ్య కాళ్లు మాత్రం కదలడానికి కొంచెం ఆలస్యం చేశాయి. ఆయన చేరేసరికి ఉస్తాదును నలుగురు ఎత్తేశారు. తెల్ల చొక్కా తెల్లగానే ఉండిపోయింది.

పెద్దాసుపత్రిలో పంతొమ్మిది రోజులున్నాడు సాయిలు. మొహానికి కట్లు, మాట లేదు. ముత్తయ్య రోజూ వెళ్లి మంచం కాళ్ల దగ్గర నిలబడి వచ్చేవాడు. చెబుదామని నోటిదాకా వచ్చేది. ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఎవరూ లేనప్పుడు ఉస్తాదు నిద్రలో ఉండేవాడు. ఇరవయ్యో రోజు మంచం ఖాళీగా ఉంది.

వేడి మూత తీశాడు, దుడుకుతనంతో పోయాడు అన్నారు అందరూ. ఆ మాటకు ముత్తయ్య అవునని తలాడించలేదు, కాదని అడ్డంగా ఊపలేదు. అట్లా ఊపకుండా పదకొండేళ్లు గడిచాయి. ఈలోగా అదే చొక్కా తొడుక్కొని పెళ్లిచూపులు చూసుకున్నాడు. భార్య అమ్మడు ఆ చొక్కాను ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచింది. "నీ మొకం జూసి కాదయ్యా, ఆ అంగి జూసి ఒప్పుకున్న" అని ఏడాదికి రెండుసార్లయినా అంటుంది. అన్నప్పుడల్లా ముత్తయ్య నీళ్లు తాగడానికి లేస్తాడు.

సాయిలు ఇల్లు గౌడవెల్లిలో. అటు వైపు పోవాల్సిన పని పడితే ముత్తయ్య చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఒకసారి మేడ్చల్ అంగట్లో సాయిలు భార్య జంగమ్మ ఎదురుపడబోతే, గాజుల బండి వెనక్కి దూరాడు. బండామె "ఏం గావాలె తమ్మీ?" అని అడిగేసింది. ఏదో ఒకటి కొనకపోతే బాగుండదని డజను గాజులు కొన్నాడు. అవి అమ్మడు చేతికి రెండు సైజులు చిన్నవి. ఎవరి కోసం కొన్నవో తేల్చడానికి ఆమెకు రెండు నెలలు పట్టింది, తేలనూ లేదు.

*

వెంచర్ వేసిన శ్రీనివాసరెడ్డి పటేలు ఎక్కడో మూలన పడి ఉన్న పాత డోజరును కొని, బాగు చేయించి, పసుపు రంగు కొట్టించి తెచ్చాడు. మొదటిరోజు సీట్లో కూర్చొని ఎడమచేతి లీవరు పట్టుకోగానే ముత్తయ్య తాళం తిప్పడం మరిచిపోయాడు. లీవరు పిడికి రాగితీగ చుట్టి ఉంది. చెమటకు చేయి జారకుండా సాయిలు చుట్టుకున్న తీగ. రంగు దాని మీంచి కూడా కొట్టేశారు గాని, చుట్లు వేలికి తగులుతూనే ఉన్నాయి. తొమ్మిది చుట్లు. ఆ రోజు ఆయన ముందుకు తోసిన మన్ను కంటే చుట్లు లెక్కపెట్టిన సార్లే ఎక్కువ.

దసరా నాడు అందరి బండ్లతో పాటు దానికీ పూజ చేశారు. నిలువెల్లా పసుపు, గుమ్మడికాయ, నిమ్మకాయలు. మర్నాడే మొదటిసారి ఆగింది.

డీజిలు అయిపోయిందేమోనని ముత్తయ్య ట్యాంకు మూత తిప్పాడు. లోపలి నుంచి "హుఁ...హ్" అని పొడుగాటి నిట్టూర్పు వచ్చింది.

ఆయన మెట్టు మీంచి కింద పడలేదు గాని, చెప్పు ఒకటి పడిపోయింది.

చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. సైరను ఆగి మూడు నిమిషాలైంది. ముత్తయ్య మూత దగ్గరికి నోరు పెట్టి, గొంతు తగ్గించి, "ఉస్తాద్, తప్పయింది. మాఫ్ జెయ్యి" అన్నాడు. ఇంజను పక్కనుండే డీజిలు చేతిపంపు పదిసార్లు కొట్టి తాళం తిప్పితే ఇంజను ఏమీ ఎరగనట్టు అందుకుంది. సాయంత్రం దాకా ఆగలేదు.

ఆ మర్నాటి నుంచి ఉస్తాదును మంచి చేసుకోవడానికి బొట్టు పెట్టడం మొదలుపెట్టాడు. న్యాయానికి బొట్టు రేడియేటరు మూతకు పెట్టాలి. దాన్ని తనిఖీ కోసం ముట్టుకోవడమే గగనం, పూజ కోసం ముట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. నిట్టూర్పు వచ్చింది ఎటూ డీజిలు మూత నుంచే గదా. రోజూ పెట్టాడు. రోజూ ఆగింది. రోజూ మూత తీసి మాఫ్ అడిగాడు. రోజూ "హుఁ...హ్" అన్నాడు ఉస్తాదు, ఇంజను అందుకుంది. ఈరోజుకు మాఫ్ చేసినట్టే. కాని రేపు మళ్లీ ఆగుతుంది. అంటే మాఫ్ ఒక్కరోజుకే పనిచేస్తోంది.

సైటు ఇంజనీరు జయకృష్ణ యాప్రాల్ నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. కోస్తా మనిషి, మంచివాడే. ఫిల్టర్లు రెండుసార్లు మార్పించాడు. బాలానగర్ నుంచి మెకానిక్‌ను పిలిపించాడు. మెకానిక్ మధ్యాహ్నం వచ్చాడు. బండి రెండు గంటలు గొర్రెపిల్లలా నడిచింది. దయ్యం పెద్దమనుషుల ముందు బయటపడదు.

జయకృష్ణ దగ్గర తనిఖీ కాగితాలుండేవి. నీళ్లు, డీజిలు, బెల్టు, గొట్టాలు, ఒక్కోదానికి ఒక్కో గడి. సోమవారం నాడే శనివారం దాకా గడులన్నిటికీ టిక్కులు పెట్టేసేవాడు. ముత్తయ్య అది చూశాడు.

"సార్, రేపటిది గూడ జూసినట్టు గీసిండ్రేంది?"

"ఏమయ్యా, నువ్వు రోజూ మూడేసి సార్లు చూస్తావుగా. నువ్వు చూశానంటే నేను చూసినట్టే కదా!"

ఆ మాట ముత్తయ్యకు ఆ పూటంతా అన్నం సహించనివ్వలేదు.

*

ఇంట్లో నిద్రలో కూడా "మాఫ్ జెయ్యి ఉస్తాద్" అంటున్నాడని అమ్మడు పట్టేసింది. బండి ఆగడం గురించి చెప్పాడు, చొక్కా గురించి చెప్పలేదు.

"నువ్వు మాఫ్ మాఫ్ అంటే ఆయనెందుకింటడు? నువ్వేమన్న ఆయన పెండ్లానివా?" అంది అమ్మడు. "జంగమ్మక్కను దోలుకపో. ఆమె ఒక్క మాటంటే వోతడు. మొగోళ్లు సచ్చినంక గూడ పెండ్లానికే బయపడ్తరు."

రెండు రోజులు ఆలోచించి, ఒక సాయంత్రం ముత్తయ్య గౌడవెల్లి దారి పట్టాడు. పదకొండేళ్లలో మొదటిసారి.

జంగమ్మ వాకిట్లో చాటతో కందులు చెరుగుతోంది. అరుగు మీద మంచంలో ఆమె అత్త లక్ష్మమ్మ కూర్చొని ఉంది. సాయిలు తల్లి. ఎనభై దాటాయి, చెవులు పూర్తిగా పోయాయి, చూపు మాత్రం గద్ద చూపు.

"ఎవలూ, ముత్తయ్యనా?" జంగమ్మ చాట ఆపింది. "బతికే ఉన్నవా? పదకొండేండ్లకు తొవ్వ దొరికిందా మా ఇంటికి?"

"వదినె, ఒక మాట జెప్త, నవ్వొద్దు."

"జెప్పినంక జూద్దం."

"ఉస్తాద్ నా బండ్ల ఉన్నడు."

జంగమ్మ నవ్వింది. చాటలో కందులు కిందికి జారేదాకా నవ్వింది. "బతికున్నన్ని దినాలు ఒక్కతాన కుదురుగ కూసోలే. సచ్చినంక నీ బండ్ల కూసున్నడా? ఏం తింటాండు, డీజిలా?"

"నిజం వదినె. అదే పాత బండి. రోజు ఎనిమిదింటికి ఆపుతాండు. మూత దీస్తే ఊపిరిడుస్తాండు."

"ఊపిరా? ఎట్ల?"

ముత్తయ్య సిగ్గుపడుతూనే చేసి చూపించాడు. "హుఁ...హ్."

జంగమ్మ నవ్వు ఆగిపోయింది. పని నుంచి వచ్చి, అరుగు మీద కూర్చొని, చెప్పులు విడిచేటప్పుడు సాయిలు అచ్చం అట్లాగే ఊపిరి వదిలేవాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత విషయమూ కాదు.

"ఎవలే ఆ వచ్చింది?" లక్ష్మమ్మ మంచంలోంచి కేకేసింది.

"ఎవ్వల్లేరత్తా!" అని అంతకంటే గట్టిగా కేకేసి, జంగమ్మ ముత్తయ్య వైపు తిరిగింది. "నిన్ను జూస్తే మళ్ల మొదలువెడ్తది. పదకొండేండ్ల సంది ఇదే లొల్లి మాకు. నా కొడుకు నిమ్మలస్తుడు, జూడంది చెయ్యి వెట్టడు అంటది. మరి వేడి మూత ఎందుకు దీసిండే అని నేనంట. దుడుకుతనం గాకపోతే ఏంది? బిడ్డకు గూడ గదే జెప్పి పెంచిన, మీ నాయిన లెక్క ఉరుకులాడకు అని."

ముత్తయ్యకు తెలుసు, చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. "రేపు పొద్దుగాల వస్తవా వదినె?" అన్నాడు.

*

మర్నాడు ఏడున్నరకు జంగమ్మ ఆటో దిగింది. చేతిలో కల్లు సీసా. చనిపోయినవాళ్లకు సాక పోయాలి గదా.

"ఎవరయ్యా ఈవిడ?" అన్నాడు జయకృష్ణ.

"మా వదినె సార్. బండి జూడనీకి వచ్చింది."

"మెకానిక్ చూశాడు, నేను చూశాను, ఇంక మీ వదిన గారే మిగిలారు. కానివ్వండి."

జంగమ్మ దూరంగా రాయి మీద కూర్చుంది. బండి ముందుకు పోయి వెనక్కి వస్తోంది. సైరను మొదలైంది. ఇంజను మూలిగింది, మళ్లీ మూలిగింది, ఆగింది. సైరను కూడా ఆగాక ఆ మైదానంలో ఎక్కడో ఒక తీతువు అరుపు తప్ప ఏమీ లేదు.

జంగమ్మ వచ్చి బండి ఎక్కి ట్యాంకు పక్కన నిలబడింది. ముత్తయ్య మూత తిప్పాడు.

"హుఁ...హ్."

ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత సీసా మూత తీసి, గొలుసు చట్రం మీద కొంచెం కల్లు పోసింది. "ఏమయ్యా," అంది, ఇంట్లో మాట్లాడే గొంతుతో, "ఇంటికి రావద్దా? గీడ మన్నుల ఏం జేస్తున్నవ్? నీ బిడ్డకు కొడుకు పుట్టిండు. నీ లెక్కనే ఉన్నడు, ముక్కు మాత్రం అల్లునిది." ఇంకా ఏదో అనబోయింది. కంట్లో నీళ్లు తుడుచుకుంటూ, ముత్తయ్య చేతిలో ఉన్న మూత వైపు చూసింది. తుడుచుకోవడం ఆపింది.

"గిదేందిరా?"

"బొట్టు వదినె. రోజు వెడ్త, ఉస్తాద్‌కు."

ఆమె మూత లాక్కుంది. మధ్యలో సూదిమొన పట్టేంత కన్నం ఉండాలి. పొద్దున పెట్టిన తడి పసుపు కింద నెల రోజుల పసుపు గట్టిపడి, అది కనబడనే లేదు. జంగమ్మ గాజులకు తగిలించుకున్న పిన్నీసు ఒకటి తీసి, గీకి, పొడిచి, మూతను నోటి దగ్గర పెట్టుకొని గట్టిగా ఊదింది. పసుపు పొడి ముత్తయ్య మీసం మీద పడింది.

"మూతకు ముక్కు ఇది. ముక్కు మూస్తే బండి గాలెట్ల గుంజుకుంటదిరా? డీజిలు కిందికెట్ల దిగుతది? పెండ్లయిన కొత్తల రెండేండ్లు ఈ బండికి నీళ్లు మోసిన నేను. వారం వారం నా గాజుల పిన్నీసు గుంజుకొని దీన్ని పొడిసేటోడు మీ ఉస్తాద్. నీకు నేర్పలేదా?"

నేర్పాడు. ముత్తయ్యకు అంతా ఒక్కసారే అర్థమైంది. పొద్దున తడి పసుపు కన్నాన్ని మూసేస్తుంది. గంట నడిచేసరికి ట్యాంకులో గాలి కరువై డీజిలు దిగదు. మూత తీస్తే గాలి లోపలికి దూకుతుంది, హుఁహ్ అని. ఎండెక్కితే పసుపు ఎండి బీటలిస్తుంది, సాయంత్రం దాకా బండికి ఊపిరాడుతుంది. ఇంతే. ఎవరో కొత్త హెల్పరుకు ఇట్లా జరిగితే ముత్తయ్య వాణ్ని సైటంతా తిప్పి నవ్వించేవాడు.

ఆయనకు నవ్వు రాలేదు. నెల రోజులుగా రోజూ మాఫ్ అడిగాడు, రోజూ జవాబు వచ్చిందనుకున్నాడు. అదంతా ఉత్త గాలి. సీట్లో ఎవరూ లేరు, ట్యాంకులో ఎవరూ లేరు. మాఫ్ చేయాల్సిన మనిషి పదకొండేళ్ల కిందటే పోయాడు. దయ్యం పోయినందుకు దిగులుపడ్డ మనిషి ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే అయి ఉంటాడు.

"అంత బొట్టు వెట్టబుద్ధయితే ముందట రేడియేటరుకు వెట్టరాదు?" అంది జంగమ్మ, పిన్నీసు మళ్లీ గాజుకు తగిలించుకుంటూ.

"దాన్ని ముట్టబుద్ధిగాదు వదినె."

"ఎందుకు?"

ఆ ప్రశ్నను పదకొండేళ్లలో ఎవరూ అడగలేదు.

"ఆ దినం నేను నీళ్లు జూడలె" అన్నాడు ముత్తయ్య. "జూసిన, నిండుగున్నయ్ అన్న. జూడలె. నా మాట నమ్మి, నీళ్లున్నయ్ గద, ముల్లు దొంగది అనుకొని మూత దీసిండు ఉస్తాద్."

జంగమ్మ ఆయన వైపు తిరిగింది. "ఎందుకు జూడలె?"

అన్నిటికంటే కష్టమైన భాగం అదే. "తెల్లంగి తొడుక్కున్న. మరకైతదని."

"తెల్లంగి" అంది జంగమ్మ.

"పిల్ల తరుపోళ్లు జూడనీకి వస్తున్నరని."

"తెల్లంగి" అని మళ్లీ అంది. కొడుతుందేమో అనుకున్నాడు ముత్తయ్య. కొడితే బాగుండనుకున్నాడు. ఆమె బండి దిగి, మన్నులో నాలుగడుగులు పోయి, అటు తిరిగే మాట్లాడింది.

"పదకొండేండ్లు నేను ఆయన్నే తిట్టుకున్న. దినం దప్పకుండ తిట్టిన. బిడ్డ నోట్లె గూడ గదే మాట వెట్టిన."

"మాఫ్..."

"నోర్ముయ్యి. నాకు జెప్పుడు గాదు. నడువు. ముసల్దానికి జెప్పు."

"పగటి బువ్వ యాళ్లకు..."

"ఇప్పుడే."

ముత్తయ్య జయకృష్ణ దగ్గరికి పోయి గంట సెలవడిగాడు.

"బండి సంగతి?"

"బాగయింది సార్."

"ఏమిటయ్యా ప్రాబ్లమ్?"

"ఊపిరాడలె సార్" అని మోపెడు తీశాడు. జంగమ్మ వెనక కూర్చుంది. దారిలోని గుంతల్లో కూడా ఆయన భుజం పట్టుకోలేదు.

*

లక్ష్మమ్మ మంచంలో కాళ్లు చాపుకొని ఎండ కాగుతోంది. ముత్తయ్య మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. దారిలో మాటలన్నీ కూడబలుక్కున్నాడు. నెమ్మదిగా, తలవంచుకొని, ఆ ముసలామె చేతుల వైపు చూస్తూ మొత్తం చెప్పాడు. చెప్పడం అయ్యాక గుండె తేలికైనట్టే అనిపించింది.

"ఏందీ?" అంది లక్ష్మమ్మ. "ఎవలు నువ్వు? ఎల్లిగడ్డలమ్మెటోనివా?"

ముత్తయ్య జంగమ్మ వైపు చూశాడు. ఆమె గుమ్మానికి ఆనుకొని నిలబడింది, సాయం వచ్చే వాలకం లేదు. ఎదురింట్లో ఒకామె బోళ్లు తోముతోంది. ఇద్దరు ముసలాళ్లు అరుగు మీద పులి-మేక ఆడుతున్నారు. ముత్తయ్య లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేను ముత్తయ్యను అవ్వా! సాయిలన్న కింద పనిజేసిన!"

"ఆఁ, ముత్తిగాడా? ఏమైందిరా?"

"ఆ దినం నేను నీళ్లు జూడలె!" బోళ్ల చప్పుడు ఆగింది. "జూసిన అని అబద్ధం జెప్పిన! ఉస్తాద్ అడిగిండు! అడిగితే నిండుగున్నయ్ అన్న! నా మాట నమ్మి మూత దీసిండు! తప్పు నాది అవ్వా!" పులి-మేక ఆడేవాళ్లలో ఒకాయన చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. "తెల్లంగికి మరకైతదని జూడలె!"

లక్ష్మమ్మ ఆయన పెదవుల వంకే చూస్తోంది.

"అంటే నా కొడుకు అడిగినంకనే దీసిండు" అంది.

"అడిగినంకనే దీసిండు అవ్వా!"

"దుడుకోడు గాదు."

"గాదవ్వా!"

ముసలామె మొహంలో కోపం వస్తుందని ఎదురుచూశాడు ముత్తయ్య. అక్కడ కోపం లేదు. ఆమె మెల్లగా మెడ తిప్పి కోడలి వైపు చూసింది. జంగమ్మ తల వంచుకుంది.

"ఇంకోపారి జెప్పు" అంది లక్ష్మమ్మ. "జంగమ్మకు ఇనవడలే."

జంగమ్మ చెవులు పాము చెవులు. ముత్తయ్య మళ్లీ చెప్పాడు, అంతే గట్టిగా. గుమ్మం దగ్గర జంగమ్మ చెంగులో మొహం దాచుకొని వింది. ఈసారి ఎదురింటామె చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది, పక్క గల్లీ నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఏమైందని ఒకరినొకరు అడుగుతున్నారు.

"గాళ్లకు జెప్పు" అంది లక్ష్మమ్మ.

వాళ్ల వైపు తిరిగి మూడోసారి చెప్పాడు. గొంతు బొంగురుపోయింది. తెల్లంగి దగ్గరికి వచ్చేసరికి ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆయన ఆ మాటను మింగకుండా పూర్తిగా అన్నాడు. అని, అక్కడే నిలబడ్డాడు. ఎండ నడినెత్తికి రావడానికి ఇంకా చాలా టైముంది. అవతల సైటులో బండి ఖాళీగా నిలబడి ఉంటుంది.

లక్ష్మమ్మ మంచం మీద కాస్త పక్కకు జరిగింది. ఖాళీ అయిన చోటును అరచేత్తో రెండుసార్లు తట్టింది. ముత్తయ్య మెల్లగా వచ్చి అంచు మీద కూర్చున్నాడు.

"ఇగ మొదటి నుంచి జెప్పు" అందామె, చెవి ఆయన నోటి దగ్గరికి వంచి. "నా కొడుకు ఏమని అడిగిండు? ఎట్ల అడిగిండు? ఆ గొంతుతోనే జెప్పు."